ఎవరూ చనిపోని దవాఖాన

నా పేరు శాంతమ్మ. మా నాయన నా ముఖం చూడకముందే ఆ పేరు ఖాయం చేసి ఉంటాడు. నర్సుగా పనిచేసినన్నాళ్లూ నా మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: ఈమెకు కోపం ఎక్కువ. ఆ ఒక్క విషయంలో పైవాళ్లు అబద్ధం రాయలేదు. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి, చూపు మందగించింది, పళ్లు ఒక్కొక్కటే సెలవు పెట్టి వెళ్లిపోతున్నాయి. కోపం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

కొత్తగా ఈ పనిలో చేరే పిల్లలకు మీ అనుభవాలు రాసివ్వండి అన్నారు. ప్రమోషన్ల గురించి రాయడానికి నాకు వచ్చినవి తక్కువ. సన్మానాల గురించి రాద్దామంటే, కప్పిన శాలువ చలికాలంలో తప్ప గుర్తుకు రాదు. ఏం రాయాలా అనుకుంటూ ఉండగా ఒక శిక్షణ తరగతికి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను పొట్టిదాన్ని, వెనక కూర్చుంటే నా హాజరు ఎవరికీ తెలియదు. ఒక పెద్దమనిషి నల్లబల్ల మీద రంగు సుద్దతో ఒక సున్న చుట్టి, "మా ఆసుపత్రిలో బాలింతల మరణాలు ఇంత" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా చేతులు లేవలేదు.

ఆయన మీద నాకు అనుమానం లేదు. నిజంగానే బాగా పనిచేసి ఉండవచ్చు. కానీ నేను మొదట పనిచేసిన దవాఖానలో కూడా సున్నే ఉండేది. ఆ సున్నను ఎలా తయారుచేసేవాళ్లమో నాకు తెలుసు. అది చెప్పడానికే కలం పట్టుకున్నాను.

బండి కట్టుకోండ్రి

నలభైల చివర్లో, నిజాం రాజ్యం ఇంకా ఉండగా, హైదరాబాదులో నర్సు చదువు ముగించి సూర్యాపేటలో ఒక ధర్మ దవాఖానలో చేరాను. ప్రభుత్వానిది కాదు. నలుగురైదుగురు సేఠులు కమిటీగా ఏర్పడి నడిపించేవారు. కోదాడలో, మిర్యాలగూడలో కూడా వాళ్లకే చిన్న దవాఖానలు ఉండేవి. ఇప్పుడు ఆ కమిటీ లేదు, ఆ కట్టడాలూ లేవు. పేర్లు రాసి, పోయినవాళ్ల పిల్లలను నొప్పించడం ఎందుకు?

చేరిన రోజే జమేదారు మల్లయ్య నన్ను గేటు దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. అక్కడ పాలరాతి పలక మీద దాతల పేర్లు, వాటికింద ఒక వాక్యం: దేవుని దయవల్ల ఈ దవాఖానలో మరణాలు లేవు.

"నిజమేనా మల్లయ్యా?" అన్నాను.

"రాయి మీద సెక్కినంక అబద్ధమెట్లయితదమ్మా!" అన్నాడు.

మల్లయ్యది వార్డు చూసుకునే పని. ఎవరికైనా ఊపిరి అందడం కష్టమైతే, డాక్టర్ సాబ్ ఒకసారి నాడి చూసి, మల్లయ్య వైపు తల తిప్పేవాడు. నోరు తెరిచేవాడు కాదు. మల్లయ్య ఆ మనిషి బంధువుల దగ్గరికి పోయి మెల్లగా, "బండి కట్టుకోండ్రి" అనేవాడు. చుట్టుపక్కల పల్లెలన్నిటి వైద్యం ఆ రెండు మాటల్లో ముగిసిపోయేది.

బంధువులు ఎదురు చెప్పేవారు కాదు. ఆ పక్క ఊళ్లలో ఒక పట్టింపు ఉంది. బయట చచ్చిన మనిషిని ఊళ్లోకి తేనియ్యరు. పొలిమేర దగ్గరే ఆపేస్తారు. సొంత వాకిట్లో పడుకోబెట్టడానికి లేదు, అమ్మలక్కలు వచ్చి ఏడ్వడానికి లేదు. అందుకని ప్రాణం ఉండగానే ఇల్లు చేర్చాలని వాళ్ల ఆరాటం. ప్రాణం ఉండగానే గేటు దాటించాలని మా ఆరాటం. ఇద్దరి ఆరాటమూ ఒక్క బండిలో ఎక్కేది.

రిజిస్టరు అప్పట్లో ఉర్దూలో రాసేవారు. బండి కదిలాక డాక్టర్ సాబ్ అందులో 'అప్నీ మర్జీ సే' అని రాసేవాడు. అంటే తన ఇష్టప్రకారం ఇంటికి వెళ్లినట్టు. ఉర్దూలో మర్జ్ అంటే రోగం, మర్జీ అంటే ఇష్టం. రోగం మేమే అంటించి, ఇష్టం వాళ్లదని రాసిన రోజులు కూడా ఉన్నాయి. అదే ఇప్పుడు చెప్పబోయేది.

నానమ్మలు మాత్రమే వచ్చేవారు

ఆ రోజుల్లో పల్లెల్లో కొట్లాటలు. తుపాకీ దెబ్బలు, లాఠీ దెబ్బలు, గొడ్డలి గాట్లు బండ్లమీద వచ్చేవి. ఎవరు ఎవరిని కొట్టారో అడగకుండా కట్టు కట్టడం మా పని. పుండు చీము పట్టాక వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ కట్లన్నీ ఒకే గదిలో, ఒకే బల్ల మీద. కాన్పులు కూడా అదే గదిలో, అదే బల్ల మీద. పొయ్యి ఒకటి, నీళ్ల బేసిన్ ఒకటి. చీము తుడిచిన చెయ్యి ఆ బేసిన్‌లోనే ముంచి, అదే చేత్తో బిడ్డను పట్టుకునేవాళ్లం. కట్టెలకు కరువైన రోజున పనిముట్లు పొద్దున ఒక్కసారే మరిగేవి.

ఇది తప్పని చదువుకున్న ఎవరికైనా తెలుసు. డాక్టర్ సాబ్‌కు నాకంటే బాగా తెలుసు. కాన్పయిన రెండుమూడు రోజులకు జ్వరం, వణుకు, పొత్తికడుపు నొప్పి మొదలైతే ఏం జరిగిందో ఆయన ముఖం చూస్తేనే అర్థమయ్యేది. ఆ తర్వాత తల మల్లయ్య వైపు తిరిగేది.

నాకు ఒక సంగతి ఆలస్యంగా తట్టింది. మా దగ్గర పుట్టిన పిల్లలను మళ్లీ చూపించడానికి తెచ్చేవారు కదా, కళ్లకు మందు వేయించడానికో, దగ్గుకో. ఆ పిల్లలు ఎప్పుడూ ముసలివాళ్ల చేతుల్లోనే వస్తున్నారు. ఒకరోజు గొర్లు కాసుకునే ఇంటి ముసలమ్మ ఒకామె మనవణ్ణి చంకనేసుకొని వచ్చింది. వాడు గొర్రెపాలు తాగి బతుకుతున్నాడు.

"తల్లి ఏదమ్మా?" అని అడిగాను.

"పోయింది గదా బిడ్డా."

"ఎప్పుడు?"

"గీడికెల్లి తోల్కపోయిన తెల్లారే." ఆమె నా ముఖం చూసి, నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు పరేషాన్ గాకు. మీ దవాఖాన్ల గాదు, ఇంటికాడనే పోయింది. మీ పేరు సెడలే," అంది.

కోడలిని పోగొట్టుకున్న మనిషి, మా దవాఖాన పేరు గురించి నన్ను ఓదార్చింది. ఆ చెయ్యి బరువు నా భుజం మీద ఇంకా ఉంది. నా కోపానికి పుట్టినరోజు అంటూ ఉంటే అదే.

"మా రిజిస్టర్లో తన ఇష్టంతో ఇంటికి పోయిందని ఉందమ్మా," అన్నాను.

ముసలమ్మ నవ్వింది. "పొద్దుగాల దొడ్లకెల్లి పోయిన గొర్లను లెక్కవెడ్తరా ఎవరన్న? మాపటికి మర్లొచ్చిన గొర్లను లెక్కవెడ్తరు. మీరు గొర్లు కాస్తే మంద ఖతం."

గోడకు అమ్మవారు

తర్వాత నేను చేసింది గొప్ప పని కాదు. అంగడి రోజున డ్యూటీ అయ్యాక సంతలో ఒక మూల కూర్చునేదాన్ని. మిర్చి, ఉల్లిగడ్డ బేరం చేస్తున్నట్టు నటిస్తూ, ఫలానా ఊరివాళ్లు కనిపిస్తే అడిగేదాన్ని: మీ ఊరి బాలింత ఎట్లుంది? అట్లా అడిగి అడిగి మిర్చి మాత్రం చాలా కొన్నాను. ఆ ఏడాది నేను తిన్న కారం కూడా నా కోపానికి కొంత కారణమై ఉండవచ్చు.

తెలిసింది తెలిసినట్టు కాన్పుల గది గోడమీద పెట్టేదాన్ని. తల్లి బతికి ఉంటే సున్నపు చుక్క. పోతే జాజుతో ఎర్ర చుక్క. కాగితం మీద రాస్తే నేనూ డాక్టర్ సాబూ తప్ప ఎవరూ చూడరు. గోడను ఆయాలు చూస్తారు, బాలింతలు చూస్తారు, బయట కూర్చున్న అత్తలు చూస్తారు. చదువు రాకపోయినా చుక్కలు అందరికీ వస్తాయి. ఎర్రవి ఎక్కువ కాసాగాయి. వాకిట్లో మంత్రసాని చేతిలో కాన్పయినవాళ్లకంటే, మా బల్ల మీద కాన్పయినవాళ్లే ఎక్కువ పోతున్నారని, సంతలో విన్నదాన్ని ఆ గోడ పక్కన పెట్టి చూస్తే తెలిసిపోయేది.

డాక్టర్ సాబ్ చెడ్డవాడని రాస్తే పని సులువవుతుంది. ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యి మంచిది, మాట సరసం. గోడను చూసి, "ఏంది శాంతమ్మా, గోడకు అమ్మవారు పోసిందా?" అన్నాడు.

"పోసింది సార్. ఇక్కడినుంచే అంటుకుంది," అన్నాను.

నవ్వు ఆపేశాడు. "ఏం కావాలె నీకు?"

"ఒక గిన్నె, ఒక పొయ్యి, ఒక తలుపు. కాన్పులకు వెనక వసారా విడిగా ఇవ్వండి. కట్లు కట్టిన చెయ్యి అటు రాకూడదు. జ్వరం వచ్చినవాళ్లను పంపకుండా ఉంచి సల్ఫా బిళ్లలు ఇద్దాం."

"ఉంచుకుంటే కొందరు ఈడనే పోతరు."

"కొందరు బతుకుతారు."

"కమిటీ బతికినోళ్లను అడుగదమ్మా. ఏడాదికొక్కసారి వస్తరు, గేటు కాడ రాయి సూస్తరు, ఎవరన్న సచ్చిండ్రా అని అడుగుతరు. లేదంటే వచ్చే ఏడాదికి పైసలు. ఉన్నదంటే ఈ దవాఖానకు తాళం. అప్పుడు నీ ముసలమ్మలు ఎక్కడికి పోతరు?"

ఇదీ ఆయన లెక్క. ఇందులో దొంగతనం లేదు, లంచం లేదు. అందుకే నాకు మరీ మండింది. లంచగొండి అయితే ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడతాడు. తాను మంచి చేస్తున్నానని నమ్మే మనిషి ఎవరికి పట్టుబడతాడు?

పిల్లలూ, ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. పైవాడు ఏం అడుగుతాడో కిందివాళ్లు అదే తయారుచేస్తారు. 'ఎవరైనా చనిపోయారా?' అని కళ్లెర్రజేసి అడిగే పెద్దమనిషికి 'లేదండీ' అనే జవాబు తప్పకుండా దొరుకుతుంది. దాన్ని తయారుచేయడానికి రెండెడ్ల బండి చాలు.

ఆ నెలలో కమిటీ డబ్బు పంపింది. గేటుకు కొత్త పాలరాతి కమాను వచ్చింది. బాలింతలకు తాగడానికి పాలు రాలేదు.

సక్రి

సూర్యాపేటకూ మిర్యాలగూడకూ నడుమ ఒక తండా ఉంది. అక్కడినుంచి గమ్లీబాయి అనే పెద్దామె కోడలు సక్రిని బండిమీద తెచ్చింది. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తున్నాడు. బల్ల మీద తొడకు తూటా తగిలిన మనిషి ఉన్నాడు. అతణ్ణి దించి, బల్ల తుడిచి, సక్రిని పడుకోబెట్టారు. నేను వేరే గిన్నెలో నీళ్లు మరగబెట్టమని అరుస్తూనే ఉన్నాను. పొయ్యి మీద ఒక గిన్నెకే చోటుంది. డాక్టర్ సాబ్ చెయ్యి బేసిన్‌లో ముంచి, నిజం చెప్పాలి కదా, ఎంతో నేర్పుగా బిడ్డను తీశాడు. మగపిల్లవాడు. గమ్లీ ఆయన కాళ్లకు మొక్కింది.

మూడోనాడు సక్రికి ఒళ్లు పేలిపోయే జ్వరం. "యాడీ, యాడీ" అని తల్లిని పిలుస్తోంది. డాక్టర్ సాబ్ నాడి చూశాడు. తల తిప్పాడు. మల్లయ్య బయటికి పోయి, వేపచెట్టు నీడన కూర్చున్న గమ్లీకి ఆ రెండు మాటలూ చెప్పాడు. సక్రి మొగుడు హర్యా లేచి ఎడ్లను కాడికి కట్టడం మొదలుపెట్టాడు.

నేను పోయి బండి ముందు నిలబడ్డాను. ఎడ్లు నాకంటే పొడుగు.

"గమ్లీబాయీ, కోడలిని తీసుకపోవద్దు," అన్నాను.

"సారు పొమ్మన్నడు గదనే."

"ఉంచితే మందు వేస్తాను. బతుకుతుందని మాట ఇవ్వలేను. తీసుకపోతే మాత్రం బతకదు."

"ఈడ సస్తే తండాలకు రానియ్యరు నర్సమ్మా. పొలిమేరల్నే పెట్టమంటరు. దాని వాకిట్లకు అది పోవద్దా?"

ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి గోడ చూపించాను. "తెల్లవి బతికినోళ్లు. ఎర్రవి పోయినోళ్లు. ఈ ఎర్రవాళ్లందరూ బండెక్కి వాళ్ల వాకిట్లకు పోయినోళ్లే."

గమ్లీ చుక్కల మీద వేలు పెట్టుకుంటూ పోయింది. "ఈ సుక్క ఎవలది?" చెప్పాను. "ఇది?" చెప్పాను. ఒక ఊరిపేరు వినగానే ఆగింది. "గా పిల్లను నేనెరుగుదు. తన ఇష్టంతోనే ఇంటికొచ్చిందన్నరు గద!"

"అట్లనే రాశారు."

గమ్లీ ఆ ఎర్ర చుక్క మీదినుంచి వేలు తీసింది. వసారాలోకి వచ్చి కొడుకును కేకేసింది. "అరే హర్యా! ఎడ్లను ఇప్పు."

డాక్టర్ సాబ్ వచ్చాడు. సరసం లేదు ఈసారి. "శాంతమ్మా! ఆ పిల్ల ఈడ పోతే నీ పేరు మీద రాస్త."

"రాయండి సార్. ఎవరి పేరు మీదైనా సరే, రాయండి."

సల్ఫా బిళ్లలు వేశాను, తడిబట్టలు వేశాను, గమ్లీ పక్కనే కూర్చొని చెంచాతో నీళ్లు పోసింది. ఆమె చేతులను సబ్బుతో కడుక్కోమని ప్రతిసారీ చెప్పేదాన్ని. ఆమె ప్రతిసారీ కడుక్కుంది. మాలో చాలామంది కంటే నయం. ఒకపూట జ్వరం దిగింది. సక్రి బిడ్డను అడిగింది, చూసింది, ముక్కు తండ్రిదే అని నవ్వింది. నాకు ఆశ పుట్టింది. తెల్లవారి మళ్లీ వణుకు వచ్చింది. మందు ముందే మొదలుపెట్టి ఉంటే, ఆ బేసిన్ వేరే ఉండి ఉంటే. ఈ రెండు 'ఉంటే'ల మధ్య, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు సక్రి పోయింది.

డాక్టర్ సాబ్ రిజిస్టరు తెప్పించి, అక్కడే నిలబడి, కలం తెరిచాడు. రాయసాగాడు. గమ్లీ కోడలి తలను తన ఒడిలో పెట్టుకొని ఉంది. తల ఎత్తి అడిగింది.

"ఏం రాస్తున్నవు సారూ?"

"పొద్దున ఇంటికి పోయిందని రాస్తున్నమ్మా. మీకే మంచిది. ఇప్పుడే తోల్కపోండ్రి, దారిల పోయిందని చెప్పుకోండ్రి."

"ఇంటికి పోతే, నా ఒళ్లె పండుకున్నదెవరు సారూ?"

ఆయన కలం ఆగింది.

"నా కోడలు ఈడ సచ్చింది. ఈడ సచ్చిందని రాయి. రాసినంకనే లేస్త."

మల్లయ్య, "అవ్వా, శవాన్ని ఎంతసేపు ఉంచుతవే? తండాల ఏమంటరు?" అన్నాడు.

"ఏమన్న అననీ. పొలిమేరల్నే పెడ్త. తండాకు తండా అక్కడికే వస్తది, గిది ఎట్ల సచ్చిందే అని అడుగుతది. చెప్త."

శవం ఊరు చేరదన్న భయంతోనే కదా ఇన్నాళ్లూ ఆ దవాఖాన నడిచింది. ఆ భయాన్ని పక్కనపెట్టి ఒక మనిషి కదలకుండా కూర్చుంటే, డాక్టర్ సాబ్ దగ్గర వేరే ఆయుధం లేదు. మాటలు వినబడి వసారాలో ఉన్న రోగులూ వాళ్ల బంధువులూ గుమ్మంలో గుమిగూడారు. డాక్టర్ సాబ్ రాసింది కొట్టేసి, కిందనే మళ్లీ రాశాడు. నాకు ఉర్దూ చదవడం వచ్చు. గమ్లీ నా వైపు చూసింది. "రాశారు," అన్నాను.

అప్పుడు లేచింది. బిడ్డను నడుముకు కట్టుకొని, కోడలిని బండిలో పడుకోబెట్టుకొని వెళ్లింది. నేను గోడ దగ్గరికి పోయి ఎర్ర చుక్క పెట్టాను. ఇంటికి పంపకుండా పెట్టిన మొదటి ఎర్ర చుక్క అది.

సున్నం

కమిటీ ఏడాదికొకసారి వచ్చేది, ఆ ఏడు పరుగెత్తుకొని వచ్చింది. నేను అమాయకురాలిని. ఒక మరణం కాగితం మీద ఉంది కాబట్టి, ఎందుకు పోయిందని అడుగుతారనుకున్నాను. పొయ్యి, గిన్నె, తలుపు అన్నీ చెప్పాలని రాత్రంతా వల్లెవేసుకున్నాను.

పెద్దసేఠు గదిలోకి రాకముందే గోడకు సున్నం కొట్టించారు. మరణం ఒకటి వస్తే మరణాలు సున్న అనడానికి లేదు కదా, అందుకని గోడకు సున్నం. నేను లోపలికి పోయేసరికి తడి ఇంకా ఆరలేదు.

పెద్దసేఠు ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆ పొద్దు డ్యూటీల ఎవరున్నరు?"

"నేనే."

అంతే. సక్రి పేరు అడగలేదు. ఏ జ్వరమని అడగలేదు. దవాఖాన పేరు చెడగొట్టిన నర్సుగా నన్ను కోదాడకు బదిలీ చేశారు. పోతున్నప్పుడు మల్లయ్య నా పెట్టె మోసుకొచ్చి, "జర నోరు కట్టుకుంటే అయిపోతుండె గదమ్మా," అన్నాడు. పాపం, ప్రేమతోనే అన్నాడు. ఆ దవాఖానలో కట్టుకోమనేవి రెండే: బండి, నోరు.

ఇన్నేళ్లయినా ఈ భాగం రాస్తుంటే కలం కాగితాన్ని చింపుతోంది. లెక్క చెప్పినవాళ్లను శిక్షిస్తే ఏమవుతుంది? రోగం ఆగదు, లెక్క ఆగుతుంది. మీ పైవాళ్లు అలా చేస్తే అది క్రమశిక్షణ అని మాత్రం అనుకోకండి. చేతకానితనం. దానికి కమాను కడితే కాస్త ఎత్తుగా కనబడుతుంది, అంతే.

కోదాడ డాక్టరు

కోదాడలో డాక్టరు కుర్రవాడు, కృష్ణా నది అవతలి మనిషి. మొదటిరోజే నన్ను కూర్చోమని, "మీరు గోడమీద చుక్కలు పెడతారటండీ?" అన్నాడు. మళ్లీ బదిలీ కాబోలనుకున్నాను. కోదాడ తర్వాత ఇక ఎటు పంపుతారో అని మ్యాపు కూడా ఊహించుకున్నాను.

"పెట్టేదాన్ని. మానేశాను," అన్నాను.

"మానకండి. మొదటి ఎర్ర చుక్క నాదే పెట్టండి. నేనొచ్చిన వారంలోనే ఒక తల్లి నా చేతిలో పోయింది. రక్తం ఆపలేకపోయాను. ఎలా పోయిందో అందరినీ పిలిచి చెబుతాను, వినండి."

ఆయాలను, వంటమనిషిని కూడా పిలిచి, ఎక్కడ ఆలస్యమైందో, తాను ఏం చూడలేదో చెప్పాడు. ఎవరినీ తిట్టలేదు. అంతా విని ఆయా ఒకామె, "నేను గూడ గుడ్డలు ఉడకబెట్టలేదండి ఆ రోజు," అంది. ఆమె నోటినుంచి ఆ మాట బయటికి రావడానికి సూర్యాపేటలో అయితే జన్మ చాలేది కాదు. ఆ వారమే వసారాకు తడక కట్టి కాన్పులకు విడిగా ఇచ్చాడు. తడక, పొయ్యి, గిన్నె. కమానుకంటే చౌక. చుక్కలు మెల్లమెల్లగా తెల్లబడ్డాయి. ఎర్రవి లేకుండా పోలేదు. లేకుండా పోయాయని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్నీ కాదు.

నాయకత్వం మీద చాలా ఉపన్యాసాలు విన్నాను. నాకు తెలిసింది ఆ ఒక్క వాక్యమే: మొదటి ఎర్ర చుక్క నాదే పెట్టండి.

మిర్యాలగూడ

రాజ్యం మారింది. రిజిస్టరు ఉర్దూనుంచి ఇంగ్లీషుకు మారింది. అబద్ధానికి కొత్త భాష నేర్చుకోవడం కష్టం కాలేదు, సూర్యాపేటలో 'తన ఇష్టప్రకారం' అన్నదే ఇంగ్లీషులో రాసేవారని తెలిసింది. పాలరాయి మాత్రం అలాగే ఉంది. నన్ను మిర్యాలగూడలో కాన్పుల వార్డుకు పెద్దనర్సుగా పంపారు. నా ప్రతిభ చూసి కాదు, అక్కడికి పోవడానికి ఎవరూ ఒప్పుకోక. వెళ్లినరోజే గోడ చూసుకున్నాను. ఈసారి వార్డులో కాదు, గుమ్మం పక్కన, బయటి గోడ.

ఒక పొద్దున ఒక బండి వచ్చి గేటు దగ్గర ఆగింది. ఎడ్లను తోలుతున్నది హర్యా. బండిలో నొప్పులతో ఒక చిన్నపిల్ల, గమ్లీ చిన్న కోడలట. పక్కన గమ్లీ, ఆమె ఒళ్లో సక్రి కొడుకు. నడక వచ్చింది వాడికి. ముక్కు తండ్రిదే.

ఈ మనిషి కోడలు నా చేతుల్లో పోయింది. "సూర్యాపేట మీకు దగ్గర కదా గమ్లీబాయీ, ఇంతదూరం ఎందుకొచ్చారు?" అన్నాను.

"గాడ ఎవ్వరూ సావరంట నర్సమ్మా. గేటు మీద రాసిండ్రంట." గొంతు తగ్గించింది. "నాకు భయమైంది."

బండి దిగలేదు. హర్యాను కూడా ఆగమంది. అక్కడినుంచే గోడను చూసింది.

"నీ తాన ఎంతమంది పోయిండ్రు?"

"నేను వచ్చినంక ఇద్దరు."

"ఎట్ల పోయిండ్రు?"

చెప్పాను. ఒకామె రక్తం పోతూ వచ్చింది, మేము అందుకోలేకపోయాం. రెండో ఆమెది మా తప్పు. నీళ్లు సరిగ్గా మరగలేదు, జ్వరం వచ్చింది. ఆ తర్వాత పొయ్యి మార్చాం, నీళ్లు మరిగే వరకు దగ్గర ఒక మనిషిని నిలబెడుతున్నాం.

"ఎవలు నిలవడుతున్నరు?"

"పొద్దున నేను. మాపటికి ఆయా."

గమ్లీ లెక్క మనసులో వేసుకుంది. చిన్న కోడలు నొప్పికి బండి పలక పట్టుకొని మూలిగింది. గమ్లీ ఆమె తలమీద చెయ్యి పెట్టి, మనవణ్ణి కిందికి దించి, కొడుకు వైపు తిరిగింది.

"ఎడ్లను ఇప్పురా."